పాకం వాసన

బోధన్
జూన్ 25

ప్రియమైన అక్కకు,

నీ తమ్ముడు శాంతి కుమార్ వందనాలు. నేను, ఎస్తర్, మన బిడ్డ మేరీ దేవుని దయవల్ల బాగున్నాం. మేరీ ఇంటర్‌లో చేరింది. పోయిన నెల కమ్మర్‌పల్లి వచ్చినప్పుడు, ఫోన్‌లో నా మాట నీకు గాలి ఊదినట్టు వినిపిస్తోందని అన్నావు. చెవులు అంతగా తగ్గాక ఇక ఫోన్ ఎందుకు, నువ్వు నేర్పిన అక్షరాలు ఉన్నాయి కదా అని కాగితం ముందు వేసుకున్నాను.

నౌకరీ దొరికింది అక్కా. స్కూల్ బస్సు. పన్నెండో తారీఖు బడులు తెరిచారు, ఆ రోజే బండి ఎక్కాను. ఇరవై ఏళ్లు చెరుకు లారీలు నడిపినవాణ్ని. లారీలో వెనక ఏముందో మరిచిపోయి నడిపేవాణ్ని. ఇందులో వెనకనుంచి నవ్వులు వస్తాయి, ఏడుపులు వస్తాయి, నిన్న ఒక రబ్బరు ముక్క వచ్చి నా మెడమీద పడింది.

పొద్దున ఆరింటికి బోధన్‌లో ఖాళీ బండితో బయలుదేరి మహారాష్ట్ర సరిహద్దులో సాలూర దాకా పోతాను. అక్కడ తిప్పుకొని ఊరూరా పిల్లల్ని ఎక్కించుకుంటూ వెనక్కి వస్తాను. సాలూర పిల్లలు ఇళ్లల్లో మరాఠీ మాట్లాడతారు, నన్ను కాకా అంటారు. వాళ్లను చూసి మిగతావాళ్లూ అలాగే పిలుస్తున్నారు. బస్సులో ఒక ఆయా ఉంది, చంద్రవ్వ. పదేళ్లనుంచి ఈ బండి మీదే ఉందట. మొదటిరోజు నేను స్టీరింగ్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసుకుంటుంటే మెట్టు మీద నిలబడి చూసింది.

"ఏం మొక్కినవ్ బిడ్డా?"

"పిల్లలను సల్లంగ తీస్కపోయి సల్లంగ తీస్కరావాలె అని మొక్కిన అవ్వా."

"నేను గూడ గదే మొక్కుత, మా ఎల్లమ్మకు. ఇద్దరు సూస్కుంటరు తియ్యి."

చిన్నపిల్లలు ఎక్కిన కాసేపటికే మళ్లీ నిద్రపోతారు. అప్పుడు బస్సంతా సద్దుమణుగుతుంది. రెండు పక్కలా చెరుకు, మధ్యలో తడి రోడ్డు, వెనక వాళ్ల ఊపిరి. కలలు కనేవాళ్లను లేపకుండా ఒక ఇంట్లోంచి ఇంకో ఇంట్లోకి మోసుకుపోతున్నట్టు ఉంటుంది. నిఖిత అని రెండో తరగతి పాప ఒక్కతే నిద్రపోదు. సరిగ్గా నా అద్దంలో కనబడే సీట్లో కూర్చుని దారి పొడుగునా నా ముఖమే చూస్తుంది.

నలభై నాలుగేళ్లు వచ్చాక నా మనసుకు నచ్చిన పని దొరికింది. ఆదివారాలు సెలవు. లారీ రోజుల్లో నెలల తరబడి చర్చి ముఖం చూడనివాణ్ని, ఇప్పుడు వరసగా రెండు వారాలు ఆరాధనలో కూర్చున్నాను.

నీ ప్రార్థనలో నా బస్సును కూడా పెట్టుకో.

నీ తమ్ముడు,
శాంతి


కమ్మర్‌పల్లి
జూన్ 29

నా చిన్ని శాంతికి,

అక్క దీవెనలు. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలుగోసారి పక్కింటి ఆమెకు చదివి వినిపించాను. ఆమె ఏదో అన్నది, నాకు వినపడలేదు, కానీ నవ్వింది.

ఇక్కడ పసుపు విత్తడం అయిపోయింది. చర్చి సంఘం పనినుంచి నన్ను విరమింపజేసి ఏడాది దాటినా ఆడవాళ్లు ప్రార్థనకు నా దగ్గరికే వస్తున్నారు. వాళ్ల కష్టాలు వాళ్ల పెదవులు చూసి తెలుసుకుంటున్నాను. చెవులున్నప్పటికంటే ఇప్పుడే మనుషుల ముఖాలు బాగా చూస్తున్నాను అనిపిస్తుంది.

నువ్వు అమ్మ ముఖం ఎరగవు. బాపు పోయినప్పుడు నీకు ఆరేళ్లు. నిన్ను చంకనేసుకుని ఈ ఊరు వచ్చినప్పుడు, వీడు పెద్దయి ఏమవుతాడో అనుకునేదాన్ని. ఇప్పుడు తెలిసింది. పిల్లల్ని జాగ్రత్తగా చేర్చేవాడు అయ్యాడు. నాకు చాలు.

రెండు మాటలు చెబుతాను, విను. పొద్దున ఖాళీ కడుపుతో బండి ఎక్కకు, చద్దన్నమైనా తిని పో. నిద్ర తక్కువ చేసుకోకు. బాపు ఈ రెండూ పాటించేవాడు కాదు.

నిఖితకు, చంద్రవ్వకు నా వందనాలు చెప్పు.

నీ అక్క,
కరుణ


బోధన్
సెప్టెంబర్ 9

ప్రియమైన అక్కా,

ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. బాపుకు కనిపించింది నాకూ కనిపించింది.

నన్ను నిద్రపుచ్చేటప్పుడు నువ్వు ఎన్నోసార్లు చెప్పేదానివి. బాపు తెల్లవారుజామున చెరుకు బండి తోలుకుపోతుంటే గాలి అంతా తియ్యగా అయిపోయిందని, పొలం గట్టుమీద వెలుగులో ఎవరో నిలబడ్డారని, ఆ రోజుతో బాపు సారా మానేసి బాప్తిస్మం తీసుకున్నాడని, నిన్ను బడికి పంపాడని. ఆ కథ వింటేనే నాకు నిద్ర వచ్చేది.

పోయిన మంగళవారం సన్నటి ముసురు. సాలూర పిల్లలు ఎక్కి నిద్రపోయారు. ఉన్నట్టుండి నా కడుపులోనుంచి వెచ్చగా ఏదో పైకి లేచింది. వెంటనే పాకం వాసన. చెరుకు రసం ఉడికే వాసన అక్కా, చిన్నప్పుడు ఊరంతా కమ్ముకునేదే అది. ఇక్కడి చక్కెర ఫ్యాక్టరీ మూతపడి ఏళ్లయింది, ఆ వాసన ఎక్కడినుంచి వస్తుంది? తడిసిన ప్రతి చెరుకాకు తనంతట తానే వెలగడం మొదలుపెట్టింది. ఈ ముసురు, ఈ మలుపు, ఈ పొద్దు నేను ఇంతకుముందే ఒకసారి బతికాను అనిపించింది. ఎవరో పాడుతున్నారు. మాటలు లేవు, కానీ ఆ పాట నాకు వచ్చు. ఏడుపొచ్చేంత సంతోషం.

తర్వాత చూసేసరికి కల్వర్టు దాటిపోయి ఉన్నాను. ఎలా దాటానో తెలియదు. చంద్రవ్వ భుజం తట్టింది.

"ఏంది బిడ్డా, లింగం ఇంటికాడ ఆపలే? పిల్లలు చెయ్యి ఊపవట్టిరి."

వెనక్కి వెళ్లి వాళ్లను ఎక్కించుకున్నాను. లింగం అంటే ఆ దారిలో ఉన్న రైతు, అతని చెరుకు తోట పక్కనే మా స్టాపు.

ఆదివారం చర్చిలో పాస్టర్ అయ్యగారు అడిగితే లేచి నాకు కనిపించింది సాక్ష్యంగా చెప్పాను. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. గంగన్న తాత, ఎప్పుడూ ఎవరితో మాట్లాడని మనిషి, వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. నాలాంటి లారీ డ్రైవరును దేవుడు ఎందుకు చూశాడో నాకు అర్థం కావడం లేదు. నీకు అర్థమవుతుంది. నీ జవాబు కోసం చూస్తుంటాను.

నీ తమ్ముడు,
శాంతి


కమ్మర్‌పల్లి
సెప్టెంబర్ 15

శాంతికి,

నీ ఉత్తరం అందింది. సంతోషం.

కొన్ని అడుగుతాను, ఉన్నదున్నట్టు రాయి. వాసన ముందు వచ్చిందా, వెలుగు ముందు వచ్చిందా? తర్వాత ఒళ్లు బరువెక్కి నిద్ర వచ్చిందా? నాలుక కొరుక్కున్నావా? ఆ సమయంలో ఆయమ్మ నీ ముఖం చూసిందా? ఇంతకుముందు ఇంట్లో ఎప్పుడైనా ఎస్తర్ పిలిస్తే పలకకుండా ఉన్నావా?

ఇంకెక్కడా సాక్ష్యం చెప్పకు. నాలుగు రోజులు సెలవు పెట్టి నా దగ్గరికి రా. నాకు ఒంట్లో బాగా లేదు.

కరుణ


బోధన్
నవంబర్ 20

ప్రియమైన అక్కకు,

రెండు నెలలు రాయలేదు. కోపం వచ్చి రాయలేదు, ఇప్పుడు తగ్గింది.

నీకు బాగా లేదని రాస్తే నాకు సెలవు దొరక్క ఎస్తర్‌ను పంపాను కదా. నువ్వు పసుపు చేనులో కలుపు తీస్తూ కనిపించావట. ఆమె వచ్చి చెబితే నేను తల దించుకున్నాను. నువ్వు అబద్ధం ఆడగా నేను ఎప్పుడూ చూడలేదు. నా సాక్ష్యం నీకు ఎందుకు నచ్చలేదో ఎంత ఆలోచించినా తెలియలేదు. బాపు దర్శనం గురించి ఊరూరా చెప్పిన నువ్వే, నాది వినగానే పోలీసులు అడిగినట్టు ప్రశ్నలు అడిగావు.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. వాసనే ముందు వస్తుంది. తర్వాత కొంచెం నిద్ర వస్తుంది. నాలుక కొరుక్కోలేదు. ఎస్తర్ పిలిస్తే పలకనిది ఒకటి రెండుసార్లు జరిగిందట, ధ్యానంలో ఉన్నాననుకుందట.

ఆ తర్వాత మూడుసార్లు వచ్చింది. ఇప్పుడు చెరుకు పూతకొచ్చింది అక్కా. పొద్దున మంచులో ఆ తెల్లటి పూతలు మాత్రమే పైకి తేలుతూ కనిపిస్తాయి, కింద కాండం ఉందో లేదో తెలియదు. మబ్బు మీద బస్సు నడుపుతున్నట్టే ఉంటుంది. పోయిన శుక్రవారం ఆ పూతల్లోనుంచే వాసన వచ్చింది, పాట వచ్చింది. తెలివి వచ్చేసరికి బస్సు రోడ్డు దిగి మెత్తటి మట్టిలో ఆగి ఉంది. ఎడమ చక్రం చెరుకులోకి పోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. పిల్లలు కేరింతలు కొట్టారు, ఆకులు కిటికీల్లోకి వచ్చాయని. ఇంకో పది అడుగులు పోతే కాలువ. దేవుని చెయ్యే స్టీరింగ్ తిప్పింది.

నిఖిత మాత్రం నవ్వలేదు. దిగేటప్పుడు నా దగ్గర ఆగింది.

"కాకా, ఏం తింటున్నవ్?"

"ఏం తింటలే బిడ్డా."

"మరి నమిలినవ్ గద. అద్దంల సూసిన. నోరు గిట్ల గిట్ల అన్నవ్. నేను పిలిస్తే పలుకలే."

దాని చేతిలో ఒక చాక్లెట్ పెట్టి పంపాను. మరునాడు చంద్రవ్వ బంపరుకు నిమ్మకాయ కట్టింది, నాకు దిష్టి తాకిందట. వెనక కూర్చునే మనిషి ఇప్పుడు ముందు మెట్టు పక్కన కూర్చుని నన్నే చూస్తోంది.

డిసెంబరులో నిజామాబాద్‌లో పెద్ద ప్రార్థన కూటం ఉంది. అక్కడ సాక్ష్యం చెప్పమని అడిగారు. నువ్వు వచ్చి ముందు వరసలో కూర్చోవాలి. వినపడకపోయినా నా పెదవులు చూడు.

నీ తమ్ముడు,
శాంతి


కమ్మర్‌పల్లి
నవంబర్ 23, శనివారం

నా శాంతికి,

ఇది పోస్టులో వేయడం లేదు. మా సంఘం ముత్తన్న రేపు తన ఆటో పక్కన పెట్టి, ఆర్మూర్‌లో బస్సెక్కి వచ్చి నీ చేతిలోనే పెడతాడు. నువ్వు చదివేదాకా అక్కడే ఉండమన్నాను.

బాపుకు మూర్ఛ ఉండేది.

కింద పడి కొట్టుకునేది కాదు. మిషన్ దవాఖానలో డాక్టరమ్మ నాకు విడమరచి చెప్పింది. మూర్ఛలో పడిపోనిది కూడా ఒకటి ఉంటుందట. ముందు వాసన వస్తుంది, కడుపులోనుంచి వెచ్చగా లేస్తుంది, అంతా ఇంతకుముందు జరిగినట్టే ఉంటుంది. కళ్లు తెరిచే ఉంటాయి, నడుస్తున్న మనిషి నడుస్తూనే ఉంటాడు, కానీ పిలిస్తే పలకడు. నోరు ఖాళీగా నములుతుంది. బాపు నమలడం నేను ఎన్నోసార్లు చూశాను. నీ నిఖిత చెప్పిన మాట చదవగానే ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను.

డాక్టరమ్మ గోలీలు ఇచ్చింది. బాపు ముట్టలేదు. "ప్రభువు కనిపిస్తే నాకు రోగమెట్లయితది బిడ్డా?" అన్నాడు. నేను వాటిని నూరి అంబలిలో కలిపి తాగించాను. మూడు నెలలు ఏ వాసనా రాలేదు. బాపు రోజూ పొద్దున గట్టు మీద పోయి కూర్చునేవాడు, ఎవరో వస్తామని చెప్పి రానట్టు. ఒకరోజు నా ముందు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"నేనేం పాపం జేసిన కరుణా? ఆయన వస్తలేడు."

ఆ మాట నేను తట్టుకోలేకపోయాను. గోలీలు కలపడం మానేశాను. వారం తిరగకుండా వాసన వచ్చింది, బాపు ముఖం వెలిగింది. నాకు మంచిపని చేశాననే అనిపించింది. ఇరవయ్యో రోజు మడికి నీళ్లు కట్టడానికి కాలువ మీదికి వెళ్లాడు. నేను సద్ది తీసుకుని వెనకే వస్తున్నాను. గట్టు మీద నిలబడి ఉన్నాడు, నోరు నములుతోంది, ముఖం పండగలా ఉంది. నేను పిలిచాను. వినలేదు. అలాగే నడుచుకుంటూ నీళ్లలోకి వెళ్లిపోయాడు. నేను పరుగెత్తి చేరేసరికి నీళ్లు మాత్రమే ఉన్నాయి.

కాలు జారిందని అందరికీ చెప్పాను. నీకూ అదే చెప్పాను.

ముప్ఫై ఎనిమిదేళ్లు బాపు దర్శనం గురించి సాక్ష్యం చెప్పుకుంటూ బతికాను. అది విని మోకరించినవాళ్లు ఎంతోమంది. ఇప్పుడు ఇది చెబితే వాళ్ల మోకాళ్ల కింది నేలే తీసేసినట్టు అవుతుందని భయపడ్డాను. సెప్టెంబరులో నీ ఉత్తరం చదివినప్పుడే నాకు తెలుసు. తెలిసి, నాకు బాగా లేదని ఒక అబద్ధం రాసి, ఎస్తర్ వచ్చినా చెప్పకుండా, ప్రార్థనలో కూర్చున్నాను. రెండు నెలలు. నీ కోసం దాచానని చెప్పుకున్నాను, నా కోసమే దాచాను.

తమ్ముడా, కాలువకు పది అడుగుల దూరంలో ఆగిందని రాశావు. బాపు ఒక్కడే వెళ్లాడు. నీ వెనక నిద్రపోతున్న పిల్లలున్నారు.

సోమవారం బండి ఎక్కకు. నన్ను తిట్టుకో, నా ముఖం చూడకు, కానీ ఎక్కకు. నిజామాబాద్‌లో నరాల డాక్టరుకు చూపించుకో.

నీ అక్క,
కరుణ


బోధన్
ఫిబ్రవరి 9

ప్రియమైన అక్కా,

రెండున్నర నెలలు నిన్ను జవాబు లేకుండా ఉంచాను. ముత్తన్నతో "సరే అని చెప్పు" అని ఒక్క మాట పంపాను. అది నీకు ఎంత చిన్న మాటో నాకు తెలుసు.

నీ ఉత్తరం చదివిన సాయంత్రం నీ మీద వచ్చినంత కోపం నాకు ఎవరిమీదా రాలేదు. అక్కకు విశ్వాసం పోయిందని ఎస్తర్‌తో అన్నాను. సరే అని పంపినా, సోమవారం ఎప్పటిలాగే ఖాకీ చొక్కా వేసుకుని పోయి బస్సెక్కాను. స్టీరింగ్ మీద చెయ్యి పెట్టి, ప్రభువా, నువ్వే అయితే ఇప్పుడు ఆ వాసన చూపించు అని అడిగాను. డీజిల్ వాసన తప్ప ఏమీ రాలేదు. కళ్లు తెరిస్తే మెట్టు దగ్గర చంద్రవ్వ ఉంది.

"అవ్వా, గప్పుడు నా మొకం ఎట్లుంటది?"

ఆమె మెట్టెక్కి నా పక్కన కూర్చుంది.

"నువ్వు ఉండవ్ బిడ్డా. చేతులు బండి మీదనే ఉంటయ్. నువ్వు ఉండవ్."

"మరి ఎవ్వలికెందుకు జెప్పలే?"

"నీ నౌకరి పోతదని. ఎల్లమ్మకు మొక్కుకుంట కూసున్న."

నువ్వు కమ్మర్‌పల్లిలో ప్రార్థన చేస్తూ కూర్చున్నావు. ఆమె నా పక్కనే మొక్కుతూ కూర్చుంది. నేను స్టీరింగ్ పట్టుకుని ప్రార్థన చేశాను. ముగ్గురం అడుగుతూనే ఉన్నాం అక్కా, బండి ఆపుదామని మాత్రం ఒక్కరం అనలేదు.

తాళంచెవి తీసి ప్రిన్సిపాల్ మేడమ్ టేబుల్ మీద పెట్టి ఉన్నదంతా చెప్పాను. ఆమె తాళంచెవి తన చేతిలోకి తీసుకుంది. "మా బిడ్డ గూడ గదే బస్సుల అస్తది శాంతి కుమార్" అన్నది. ఆ రోజు పిల్లలు బడికి గంట ఆలస్యంగా చేరారు. మరుసటి వారం నుంచి మహేష్ అనే కుర్ర డ్రైవరు వచ్చాడు.

నిజామాబాద్‌లో తలకు తీగలు పెట్టి పరీక్ష చేశారు. నువ్వు రాసిన మాటలే డాక్టరు చెప్పాడు. ఇక పెద్ద బండి నడపకూడదు. గోలీలు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. నేను ఆయన్ను అడిగాను, ఆ సంతోషం కూడా జబ్బేనా సార్ అని. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అది ఎక్కడ పుడుతుందో నేను చూపించగలను. ఎవరు పంపారో చెప్పడం నా చదువులో లేదు" అన్నాడు.

గోలీలు వేసుకున్నప్పటినుంచి వాసన రాలేదు. మొదటి నెల బాపు గట్టు మీద కూర్చున్నట్టే నేనూ కూర్చున్నాను. చెట్టు చెట్టుగానే ఉంది, ఆకు ఆకుగానే ఉంది. ఇల్లు ఖాళీ చేసి ఎవరో వెళ్లిపోయినట్టు ఉండేది. రెండుసార్లు గోలీ చేతిలో పట్టుకుని పారేద్దామనుకున్నాను. ఎస్తర్ ఎదురుగా నిలబడేది, నేను మింగేదాకా కదిలేది కాదు.

నిజామాబాద్ కూటానికి పోలేదు. మన చర్చిలో మాత్రం క్రిస్మస్ ముందు ఆదివారం లేచి నిలబడ్డాను. నేను చెప్పింది అబద్ధం కాదు, కానీ దాన్ని నేను దర్శనం అనుకున్నాను, అది మూర్ఛ, మా బాపుకు కూడా ఉండేది, నేను పిల్లల ప్రాణాలమీదికి తెచ్చాను అని చెప్పి కూర్చున్నాను. మొదటిసారి నా చేతులు పట్టుకున్న గంగన్న తాత లేచి బయటికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత మూడు ఆదివారాలు నేను చర్చికి పోలేదు.

నాలుగోవారం తాతే మా ఇంటికి వచ్చాడు. అరుగుమీద కూర్చుని నీళ్లు తాగాడు.

"మా తమ్మునికి గూడ గట్లనే అయ్యేది. ఉత్తగ నమిలేది, పిలిస్తే పలుకకపోయేది. దయ్యం పట్టిందని కొట్టినం. నేను గూడ కొట్టిన." గ్లాసు కింద పెట్టాడు. "ఇప్పుడు నా మనుమరాలికి మొదలైంది. గా డాక్టర్ ఎక్కడుంటడు?"

మరునాడు ఆ పాపను నేనే బస్సులో నిజామాబాద్ తీసుకుపోయాను. తొమ్మిదేళ్లు. కిటికీ పక్కన కూర్చుని నా భుజం మీద నిద్రపోయింది. ఇప్పుడు గోలీలు వేసుకుంటోంది, బడికి పోతోంది. నా మొదటి సాక్ష్యం విని చాలామంది ఏడ్చారు. రెండోది విని ఒక్క తాత కదిలాడు. నాకు రెండోదే మిగిలింది.

ఇప్పుడు బాపు మాట. బాపు చూసింది ఎవరినో నాకు తెలియదు. కానీ ఆ రోజుతో సారా మానేశాడు, నిన్ను బడికి పంపాడు, నువ్వు నాకు అక్షరాలు నేర్పావు. అవి జరిగాయి, ఏ గోలీ వాటిని చెరిపేయదు. నువ్వు అప్పుడు ఇరవై ఏళ్లదానివి, కన్నతండ్రి ఏడుస్తుంటే చూడలేకపోయావు. అది పాపం కాదని నేను తేలిగ్గా అనను, నువ్వు నమ్మవు. క్షమించమని నీ కోసం అడిగాను, నా తప్పు కూడా అందులోనే కలిపి అడిగాను. ఇక దాన్ని నువ్వు ఒక్కదానివే మోయకు. నా బస్సు కాలువ దాకా పోకుండా ఆపింది నీ ఉత్తరమే అక్కా. ముప్ఫై నాలుగు మంది పిల్లలు. పేర్లన్నీ వేరే కాగితం మీద రాసి ఇందులో పెట్టాను, ప్రార్థనలో పెట్టుకో.

నేను ఇప్పుడు లింగం చెరుకు తోటలో మోపులు కట్టే పనికి పోతున్నాను. కొడవలి నాకివ్వరు, డాక్టరు వద్దన్నాడు. నిన్న పొద్దున మంచు బాగా పడింది. రోడ్డు పక్కన పిల్లలతో పాటు వాళ్ల తల్లులు నిలబడ్డారు, నేను వాళ్ల వెనక నిలబడ్డాను. ఆ బస్సు రావడం బయట నిలబడి చూడడం అదే మొదటిసారి. ముందు రెండు పసుపు దీపాలు వచ్చాయి, తర్వాత మెల్లగా బస్సు వచ్చింది. మహేష్ సరిగ్గా ఆపాడు. చంద్రవ్వ దిగి ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని ఎక్కించింది. కిటికీలోనుంచి నిఖిత నన్ను చూసి చెయ్యి ఊపింది.

బస్సు పోయాక తల్లులు వెళ్లిపోయారు. ఒకామె మాత్రం అక్కడే నిలబడింది. నన్ను ఆమె గుర్తుపట్టలేదు.

"ఏం జూస్తున్నవ్ చెల్లె?" అన్నాను.

"ఏం లేదన్నా. మలుపు తిరిగేదాక సూస్త. రోజు గంతే."

అన్ని నెలలు నేను బండి నడిపినప్పుడు కూడా ఆమె ఇలాగే చూసి ఉంటుంది. నాకు ఒక్కసారి కూడా తెలియలేదు. మంచులో ఆ వెనక దీపం ఎర్రగా, చిన్నగా పోతోంది. ఆమె పక్కన నిలబడి, మలుపు తిరిగేదాకా నేనూ చూశాను.

నీ తమ్ముడు,
శాంతి